స్వల్ప వ్యయమున ఎఱ్ఱని పానీయము

ఎఱ్ఱని పానీయమనగానే పాశ్చాత్యులకు ద్రాక్షాసవము స్ఫురించును. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో సామాన్య గృహస్థు భోజనముతో పుచ్చుకొనునది ఏండ్ల తరబడి నేలమాళిగలో దాచిన ఖరీదైన ఆసవము కాదు. చుట్టుపట్ల తోటలలో పండిన ద్రాక్షతో చేసిన చవక పానీయము. తన నేల యిచ్చినదానిని ఎరిగి మితముగా సేవించిన, తక్కువ వెలకే నిండు రుచి దొరకునని ఈ వాడుక తెలుపుచున్నది. ఈ నీతి మనకును వర్తించును. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు దక్కిన ఎఱ్ఱని పానీయము నన్నారి. ఇందు మత్తు లేదు, పరిమళము కలదు.

నంద్యాలకు తూర్పున నల్లమల గోడవలె నిలిచియున్నది. ఆళ్లగడ్డనుండి అహోబిలము పోవు బాటయు ఆ కొండల ఒడిలోనికే చేరును. 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి మధ్యాహ్నమున నిమ్మరసము, సబ్జాగింజలు కలిపిన గ్లాసెడు నన్నారికి సాటి వచ్చు పానీయమేది?

నన్నారి యను పేరు రెండు తీగల వేళ్లకు చెల్లుచున్నది. ఒకటి సుగంధిపాల, దీని వేరు సన్నము. రెండవది మారేడు గడ్డ. దీని వేరు లావై కండ కలిగి యుండును. బిల్వమగు మారేడు చెట్టుతో దీనికి సంబంధము లేదు. రెండింటి సువాసనకు మూలమైన పదార్థము ఒక్కటే. అది వెనిల్లా వాసనకు దగ్గరి చుట్టము. ఎఱ్ఱ ద్రాక్షాసవమునకు రంగు పండు తొక్కనుండి వచ్చినట్లే, నన్నారికి పరిమళము వేరు పైపొరనుండి వచ్చును. నడిమి ఈనె వట్టి కట్టె.

ఇంట చేసికొను విధానము సులభము. వేళ్లను బాగుగా కడిగి, దంచి, ఈనె తీసివేయవలెను. ముప్పాతిక లీటరు నీటిని మరగించి దించి, అందు 100 గ్రాముల పైపొరను వేసి, మూతపెట్టి రాత్రియంతయు నాననీయవలెను. వేరు వేసిన పిదప మరగించుచు పోయినచో ఇల్లంతయు గుబాళించును గాని, ఆ వాసన ఆవిరితో పోయి గ్లాసులో మిగులదు. మరునాడు వడకట్టిన నీటిలో కిలో పంచదార వేసి, సన్నని సెగపై కరగువరకు మాత్రమే కాచి, చల్లార్చి, తడిలేని సీసాలో పోయవలెను. గ్లాసునకు 30 మిల్లీలీటర్ల చొప్పున ఇది 35 గ్లాసులకు తక్కువ కాదు. ఖర్చును 35తో భాగించి చూచుకొన్నచో, అంగడిలో కొను ఒక గ్లాసు వెలతో పోల్చుట గృహిణులకు కష్టము కాదు.

అంగడి సీసా కొనువారు దానిపై ముద్రించిన వివరములు చదువవలెను. నన్నారి సహజ వర్ణము ఎఱుపు కలిసిన గోధుమరంగు. కెంపువలె మెరయు ఎఱుపు కనబడినచో రంగు కలిపిరేమోయని సందేహింపవలెను.

చవకయని మితము మరువరాదు. పై కొలత ప్రకారము ఒక్కొక్క గ్లాసులో సుమారు 25 గ్రాముల పంచదార చేరును. పెద్దలకు దినమునకు సుమారు 50 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. కావున రెండు గ్లాసులతోనే ఆ హద్దు నిండును. ఒక్కటి చాలును. మధుమేహము గలవారు పాకమును విడిచి, నానిన నన్నారి నీటిలో నిమ్మరసము, చిటికెడు ఉప్పు కలుపుకొనవచ్చును.

మనకు చవకగా దొరకు ఈ వేరు అడవికి చవక కాదు. వేరంతయు పెకలించినచో తీగ చచ్చును. విచ్చలవిడి త్రవ్వకముచే మారేడు గడ్డ అడవులలో తరిగిపోవుచున్నది. నల్లమల చెంచులకు అటవీ ఫలసాయము జీవనాధారము. తీగ నశించినచో నష్టము ముందుగా వారిదే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల వద్ద అటవీ ఉత్పత్తులను కొనుచు, నన్నారి షర్బతును కూడ అమ్ముచున్నది. అట్టిచోట కొన్న సీసా వెలలో సేకరించినవారికిని భాగముండును.

పెరడు గలవారికి మరియొక మార్గము కలదు. సుగంధిపాల వేరుముక్కనుండియే మొలచును. తొలకరికి ఒక ముక్కను నాటి కంచెకు ప్రాకించుడు. పెరిగిన పిమ్మట మొదలు విడిచి, ప్రక్కవేళ్లు కొన్నింటిని మాత్రమే తీసికొన్నచో తీగ బ్రతికియుండును. వేసవికి పానీయమును దొరకును.