తెల్లబట్ట: ఏది సహజం, ఏది జబ్బు?



మా వైద్య శిబిరాల్లో అన్ని బాధలూ చెప్పుకుని, లేవబోతూ గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంది: తెల్లబట్ట. ఎముకలు కరిగి పోతున్నాయేమోనని కొందరి భయం. అది నిజం కాదు.

యోనిలో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేసి, హానికర క్రిములను అదుపులో ఉంచుతాయి. దుర్వాసన, దురద లేకుండా తెల్లగానో, నీళ్లలాగానో కొద్దిగా అవడం సహజం. నెలసరికి సుమారు 14 రోజుల ముందు గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. గర్భిణులకు కాస్త ఎక్కువవుతుంది. వీటికి మందు అక్కర్లేదు.

విరిగిన పాలలా ఉండి దురద పెడితే అది సాధారణంగా ఫంగస్. షుగరు అదుపులో లేనివారికి మళ్లీ మళ్లీ రావచ్చు. బూడిద రంగులో చేపల వాసన వస్తే బాక్టీరియా సమతూకం తప్పి ఉండవచ్చు. పసుపుపచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ కావచ్చు. అదే అని తేలితే భర్త కూడా మందు వాడాలి, లేకుంటే తిరగబెడుతుంది. పొత్తికడుపు నొప్పి, జ్వరం తోడైనా, కలయిక తర్వాత గానీ ముట్లుడిగాక గానీ రక్తం కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉందో లేదో పరీక్షతోనే తెలుస్తుంది.

సబ్బుతో, క్రిమిసంహారక మందులతో లోపల కడగవద్దు. మేలుచేసే సూక్ష్మజీవులు చస్తాయి. మందుల షాపులో అడిగి బిళ్లలు మింగవద్దు. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. మహిళా డాక్టరు ఉండే రోజు కనుక్కుని వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే చెప్పండి, ఇన్‌షా అల్లాహ్, మేమే తోడొస్తాం.