మనుమలను పెంచుచున్న పెద్దలు – మన బాధ్యత

(పాస్టరేటు కుటుంబముల కూటములో చేసిన ప్రసంగము)



ఈ శతవార్షిక సంవత్సరములో మన గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి అనేకులు మాట్లాడుచున్నారు. అది మంచిదే. అయితే ఏ శిలాఫలకము మీదను పేరు లేని ఒక పరిచర్యను గూర్చి ఈ పూట మీతో మాట్లాడగోరుచున్నాము. అది ముసలితనములో మరల తల్లిదండ్రులైన అమ్మమ్మల, నాయనమ్మల, తాతల పరిచర్య.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము గోదావరి లంకల వైపు ఒక పాస్టరేటులో మేము పని చేయుచుండగా, ఒక మామ్మగారు పదమూడేండ్ల మనుమని కన్ఫర్మేషన్ తరగతిలో చేర్చుటకు తీసికొని వచ్చిరి. బాలుని తండ్రి, అనగా ఆమె కుమారుడు, చనిపోయి చాలా కాలమైనది. కోడలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లియున్నది. ఫారములో తల్లి లేక తండ్రి సంతకము చేయవలెనని యున్నది. "మామ్మగారూ, వాళ్లమ్మ దగ్గర నుంచి ఉత్తరం తెప్పించండి, తరువాత చూద్దాం" అని మేము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, వీడికి మూడో ఏటి నుంచి అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇదే. ఈ చేతి వేలిముద్ర మీ కాగితానికి చాలదా?" అనిరి.

మాకు జవాబు లేకపోయినది. వేదాంత కళాశాలలో కుటుంబమును గూర్చి పరీక్షలు వ్రాసితిమి గాని, ఈ ప్రశ్న ఏ ప్రశ్నాపత్రములోను రాలేదు. ఆ దినముననే ఆమె వేలిముద్ర తీసికొంటిమి. వెళ్లబోవుచు ఆమె ఇంకొక మాట అడిగిరి: "నేను పోతే వీడు ఎవరింటికి పోవాలయ్యగారూ?" "దేవుడున్నాడు మామ్మగారూ" అని పంపివేసితిమి. ఆ మాట సత్యమే. కాని మేము దానిని అన్నది తప్పించుకొనుటకు.

రెండేండ్లకు ఆమె కన్నుమూసిరి. సమాధి జరిగిన తరువాత మూడు రాత్రులు ఆ పిల్లవాడు ఎవరింట పడుకొనవలెనో ఎవరికిని తెలియలేదు. తల్లికి యజమాని సెలవియ్యలేదు. చివరకు దూరపు ఊరి నుండి మేనత్త వచ్చి తీసికొని పోయిరి. ఆ మూడు రాత్రులు మేము మరువలేదు.

మన సంఘములలో ఇట్టి ఇండ్లు తక్కువేమీ కాదు. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి తల్లులు గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. 2020, 2021 సంవత్సరముల కరోనాలో కొందరు పిల్లలు తల్లిదండ్రులను పోగొట్టుకొనిరి. కొన్ని ఇండ్లు త్రాగుడు వలన చెదరినవి. విదేశములో నున్న తల్లిని "పిల్లలను వదలి పోయింది" అని మనము నిందింపరాదు. ఆ ఇంటి కప్పు ఆమె జీతమే. అయితే ఫోనులో ముద్దు పెట్టవచ్చును గాని, నడిరేయి జ్వరమునకు తడిగుడ్డ వేయలేము. ఆ పని మోకాళ్ల నొప్పులతో లేచి చేయునది నాయనమ్మయే.

లేఖనములలో ఇట్టివారికి గౌరవస్థానమున్నది. తల్లిదండ్రులు లేని ఎస్తేరును పెంచినవాడు బంధువైన మొర్దెకై. పసివాడైన ఓబేదును ఒడిలోనికి తీసికొన్నది నయోమి. తిమోతి విశ్వాసమును తలంచునపుడు పౌలు మొదట చెప్పినది అవ్వయైన లోయి పేరు.

గౌరవము చాలదు, సహాయము కావలెను. పిల్లవానిని పెంచినంత మాత్రమున తాత అవ్వలు చట్టరీత్యా సంరక్షకులు కారు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద కోర్టులో దరఖాస్తు చేసికొనవచ్చును. అది క్రైస్తవులకును వర్తించును. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము బంధువుల పిల్లలను దత్తత తీసికొనుటకు మతము అడ్డు కాదు. తల్లిదండ్రులు లేక బంధువుల యింట పెరుగుచున్న పేద పిల్లలకు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల సహాయమున్నది. దానికి ఆదాయ పరిమితి కలదు. జిల్లా బాలల సంరక్షణ విభాగములో అడుగవలెను. ఆపదలో నున్న బిడ్డ కొరకు 1098కి ఫోను చేయవచ్చును. చదువురాని మామ్మగారు ఈ ఆఫీసుల మెట్లు ఒంటరిగా ఎక్కలేరు. మన యువకులు కొందరు ఆమెతో కూడ వెళ్లవలెను.

ఇంకను మూడు పనులు మన చేతిలోనే యున్నవి. ఒకటి, బిడ్డ జనన పత్రము, ఆధార్, తల్లిదండ్రుల మరణ పత్రములు ఒక్క సంచిలో భద్రపరచుటకు స్త్రీల సమాజము సహాయపడవలెను. రెండు, మన ఫారములలో "తల్లి, తండ్రి లేక పెంచుచున్నవారు" అని వ్రాయవలెను. మా పాస్టరేటులో అట్లు మార్చితిమి. మూడు, "నేను పోతే?" అను ప్రశ్నను పెద్దలు బ్రతికి యుండగానే బంధువులతో కూర్చుండి తేల్చవలెను. బిడ్డను కూడ అడుగవలెను. ఆ యింటి పేరు ఊరి పెద్దకును, గురువుకును తెలిసియుండవలెను.

ఈ ఆదివారము గుడి బయట ఒక ముసలి చెయ్యి పట్టుకొని వచ్చు బిడ్డను చూచినయెడల, "మీ అమ్మ ఎప్పుడొస్తుందిరా?" అని అడుగవద్దు. ఆ పెద్దావిడను "మామ్మగారూ, ఈ వారం మేమేం చెయ్యాలి?" అని అడుగుడి. దేవుడున్నాడని ఆమెకు మనము చెప్పదగిన విధము అదే.