పది కిలోమీటర్ల అవతల మంజీర

బాన్సువాడలో నీళ్ల మాట ఎత్తితే ముందు తలుచుకోవలసిన పేరు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. మంజీర నది మీద ఆయన చేతి మీదుగా 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931కి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది నాటి సంకల్పం. ఆ కాలువల కింద బోధన్ ఫ్యాక్టరీకి చెరకు పండింది, ఈ చుట్టుపక్కల వరి పండింది. ఆనాటి ఇంజనీర్లు లెక్క కట్టింది ఎన్ని నీళ్లు వస్తాయని. ఎలాంటి నీళ్లు వస్తాయన్నది తర్వాతి తరం ఎదుర్కొన్న ప్రశ్న. ఆ ఇంజనీరు స్మృతిలో ఈ పూట చెప్పుకోవలసింది ఆ రెండో ప్రశ్న చరిత్ర.

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక మీదుగా తెలంగాణకు వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హైదరాబాద్ తాగునీటి కోసం కలబ్‌గూర్ దగ్గర దానికి ఒక బ్యారేజీ ఉంది. ఆ బ్యారేజీ దాటాక, గౌడిచర్ల దగ్గర నక్కవాగు వచ్చి నదిలో పడుతుంది. ఆ వాగు పటాన్‌చెరు పారిశ్రామికవాడ వైపు నుంచి వస్తుంది. అంటే రాజధానికి నీళ్లు తోడుకునే చోటు పైన ఉంది, కారఖానాల వాగు కలిసే చోటు కింద ఉంది. ఇంకా కింద ఏడుపాయల, ఘనపురం ఆనకట్ట, ఆ తర్వాత నిజాంసాగర్, బాన్సువాడ.

ఆ కారఖానాలు ఎలా వచ్చాయో తెలియాలంటే 1972కి వెళ్లాలి. ఆ ఏడు రెండు సంగతులు జరిగాయి. జూన్‌లో ఇందిరాగాంధీ స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో మాట్లాడారు. అంతకు ముందు ఏప్రిల్‌లో కొత్త పేటెంట్ చట్టం అమల్లోకి వచ్చింది. మందు మీద కాక, మందు తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు అన్నది దాని సారాంశం. దాంతో వేరే పద్ధతిలో అదే మందును చవకగా తయారు చేసే దారి తెరుచుకుంది. బాలానగర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు చాలామంది సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు, అంటే మందుల మూలపదార్థాలు తయారు చేసే యూనిట్లు, పెట్టారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు ఆ దశకంలో ఒత్తుగా నిండాయి.

చట్టం లేకపోలేదు. 1974లో జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది, 1976లో ఉమ్మడి రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. భోపాల్ విషాదం తర్వాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తోడైంది. అయితే మండలి అనుమతి ఇచ్చేది ఫ్యాక్టరీకి, చూసేది ఆ ఫ్యాక్టరీ గొట్టాన్ని. పది గొట్టాల నీళ్లు కలిసి ఒక వాగును ఏం చేస్తున్నాయో అడిగే దస్త్రం లేదు.

ఆ ప్రశ్న ఆఫీసుల్లో కాదు, ఊళ్లలో పుట్టింది. నక్కవాగు ఒడ్డున పొలాలు పాడయ్యాయి, బావులు చెడిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల బాధల వెనక నీళ్లను చూశారు, రైతులను కూడగట్టారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో అక్కడి నుంచి హైకోర్టుకు బదిలీ అయింది, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. కేసు వేసిన ఏడు పుట్టిన పిల్లలకు అప్పటికి ఇరవై ఏడేళ్లు.

ఈ మధ్యలో పరిష్కారంగా వచ్చింది ఉమ్మడి శుద్ధి కేంద్రం. పరిశ్రమలే వాటాదారులుగా 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ మొదలైంది. దాదాపు తొంభై మందుల యూనిట్ల వ్యర్థజలాలు అక్కడికి ట్యాంకర్లలో వచ్చేవి. స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆ తర్వాత పటాన్‌చెరు పేరు వినిపించింది.

మరో పరిష్కారం ఇంకా విచిత్రం. పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, శుద్ధి చేసిన నీటిని నగర మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపారు. అక్కడి నుంచి అది మూసీలోకి. మంజీర గోదావరిలో కలుస్తుంది, మూసీ కృష్ణలో కలుస్తుంది. కోర్టు కాగితాల్లో సమస్య కొంత తగ్గింది. నిజానికి ఆ భారం ఒక నదీ పరీవాహకం దాటి ఇంకో పరీవాహకంలో దిగింది, నల్లగొండ రైతు వాటాకు వచ్చింది.

ఇక ముందుచూపుతో చేసిన చట్టం సంగతి. 1994 జనవరిలో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చింది, 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరైంది, 2006లో మొత్తం తిరగరాశారు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా బల్క్ డ్రగ్ ప్రాజెక్టులకు కొంతకాలం ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు. అదే ఏడు జనవరిలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.

నోటిఫికేషన్ అమల్లో ఉన్నచోట కూడా దిగువవాళ్లకు ఇబ్బంది ఒకటుంది. ప్రభావ అంచనా సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల వలయంలో జరుగుతుంది. నది ఆ వలయం గీత దగ్గర ఆగదు. ముసాయిదా నివేదికను ప్రాజెక్టు ఉన్న జిల్లా కార్యాలయాల్లో పెడతారు. పటాన్‌చెరుది సంగారెడ్డి జిల్లా, బాన్సువాడది కామారెడ్డి జిల్లా, మధ్యలో మెదక్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ దూరం కాగితం మీద ఇంకా పెరిగింది.

2006 నోటిఫికేషన్‌లో ఒక వెసులుబాటు మాత్రం మిగిలే ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ సభకు హాజరై మాట్లాడే హక్కు స్థానిక బాధితులది. కానీ ప్రాజెక్టు పర్యావరణ ప్రభావంతో సంబంధం ఉన్న ఇతరులు కూడా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. పర్యావరణ అనుమతి ఇచ్చేశాక, ఆ అనుమతిపై ముప్పై రోజుల్లో హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే వీలు బాధితులెవరికైనా ఉంది. ఆ గడువు తెలియాలంటే సంగారెడ్డిలో వెలువడే ప్రతి ప్రకటన ఇక్కడి నీటి వినియోగదారులకు చేరాలి. నిజాంసాగర్ ఆయకట్టు రైతులు కాలుష్య నియంత్రణ మండలిని ముందుగా అడగవలసింది అదే.