ఆగిన లెక్క

శ్రీహరికోట నెల్లూరువారికి కొత్త పేరు కాదు. ఒకవైపు పులికాటు సరస్సు, ఒకవైపు బంగాళాఖాతము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరినది గాని, సూళ్లూరుపేట మీదుగా పోయి రాకెట్టును చూచివచ్చే అలవాటు మనవారికి పోలేదు. రాకెట్టు ఎగరక, ఉసూరుమని తిరిగివచ్చినవారును మనలో ఉన్నారు. నేటి ప్రసంగము ఆ ఎగరని ఘడియలను గూర్చి.

2023 అక్టోబరు 21వ తేదీ ఉదయము. గగనయాన పథకములో మనుష్యులు కూర్చుండవలసిన పెట్టెను ఆపద వేళ రాకెట్టునుండి విడదీసి కాపాడు ఏర్పాటును పరీక్షించుటకు టీవీ-డీ1 అను రాకెట్టును నిలిపినారు. అందులో మనుష్యులు లేరు. 8 గంటలకు అనుకున్న ప్రయోగము వాతావరణము బాగులేక 8-45కు జరిగినది. లెక్క తగ్గుతూ వచ్చి, 5 సెకన్ల దగ్గర ఆగిపోయినది. ఆపినది మనిషి కాదు, ప్రయోగక్రమమును నడిపే కంప్యూటరు. ఇంజను రగులుకొనలేదు. లోపమేదో గుర్తించి, సవరించి, వాయువులను తిరిగి నింపి, 10 గంటలకు వదలినారు. పెట్టె పారాచూట్లతో సముద్రములో దిగగా నౌకాదళమువారు దానిని తీసికొనినారు.

ఐదు సెకన్లే గదా మిగిలినవి, ఆ ఐదు లెక్కించి వదలరాదా అని ఆనాడు అడిగినవారు ఉన్నారు. అడుగదగిన ప్రశ్నయే. దానికి జవాబు "వాయువులను తిరిగి నింపి" అన్న మాటలోనే ఉన్నది. లెక్క ఐదు దగ్గర ఆగినదనగా, అంతకుముందు వరుసగా ఎన్నో పనులు జరిగియే అక్కడికి వచ్చినదన్నమాట. వాటిలో పూర్తియైనవి కొన్ని, సగములో నిలిచినవి కొన్ని ఉండవచ్చును. అంకెను వెనుకకు త్రిప్పుట క్షణములో పని. అంకెతోపాటు వస్తుస్థితిని వెనుకకు త్రిప్పుటయే కష్టము.

ఇంటి భాషలో చెప్పుకొందము. చౌకధరల దుకాణము దగ్గర వరుసలో నిలిచినవారికి చీటీలు ఇచ్చినారు. సగముమందికి బియ్యము అందిన తరువాత తూకము చెడినది. దుకాణదారు "రేపు రండి" అని తలుపు వేసినాడు. మరునాడు కొత్త వరుస, కొత్త చీటీలు. కాని నిన్నటి చీటీలు నిన్నటివారి జేబులలోనే ఉన్నవి. వాటిని తిరిగి తీసికొనక, ఎవరికి ఇచ్చినదీ ఎవరికి ఇవ్వనిదీ తేల్చక క్రొత్త వరుసను నడిపించినచో, ఒకరికి రెండుమార్లు బియ్యము పోవును, ఇంకొకరు వట్టి సంచితో ఇంటికి పోవుదురు. తలుపు మూయగానే వరుస రద్దయినదనుకొనుట పొరపాటు.

ఈ చిక్కు కంప్యూటరులలో నిత్యమును వచ్చునదే. ఈ కాలమున ఒకే కంప్యూటరు లోపల అనేక మిథ్యాకంప్యూటరులు పని చేయుచున్నవి. వాటికి కావలసిన పరికరములును నిజమైనవి కావు. ఒక ప్రోగ్రాము పరికరపు వేషము వేసికొని కూర్చుండును. అడుగు పక్షము తన కోరికలను జ్ఞాపకశాలలో ఒక వరుసగా పేర్చును, వేషధారి వాటిని ఒక్కొక్కటిగా తీసికొని నెరవేర్చును. ఈ వరుసను మొదటికి తేవలసి వచ్చినప్పుడు, వేషధారి చేతిలో పాత కోరిక ఒక్కటి మిగిలినను ప్రమాదమే. అడుగు పక్షము ఆ జ్ఞాపకస్థలమును వేరొక పనికి వాడుకొనును. పాత కోరికకు జవాబు ఆలస్యముగా వచ్చి ఆ కొత్త పని మీద పడును.

ఇందుకు వర్టియో అను ప్రమాణపత్రము 2022లో వెలువడిన 1.2వ కూర్పులో ఒక నియమము ఏర్పరచినది. అంతకుముందు ఒక్క వరుసలో చిక్కు వచ్చినను పరికరమునంతటిని మొదటికి తేవలసి వచ్చేది, ఒక కిటికీ దగ్గర తగవు వచ్చినదని దుకాణమంతా మూసినట్లు. కొత్త నియమము ప్రకారము అడుగు పక్షము ఆ ఒక్క వరుసకు సంబంధించిన గుర్తులో 1 అని వ్రాయును. శుద్ధి జరుగుచున్నంతసేపు పరికరము 1 అనియే చూపవలెను. ముగిసిన పిమ్మట ఆ గుర్తును, వరుస తెరచియున్నదని తెలుపు గుర్తును, రెంటిని 0గా చూపవలెను. అంతవరకు అడుగు పక్షము వేచియుండవలెను. అదే సంవత్సరము డిసెంబరులో వచ్చిన క్యూఎము 7.2 అను వేషధారి ప్రోగ్రాములో ఈ ఏర్పాటు చేరినది.

వ్రాతలో ఇంత చిన్న నియమము. ప్రోగ్రాము వ్రాయువాడు శుద్ధి ముగిసినను గుర్తును 1 వద్దనే మరచినచో అవతలివాడు ఎంతకాలమైనను ఎదురుచూచుచుండును. శుద్ధి ముగియకముందే 0 చూపినచో ఇద్దరును సంతోషముగా పనిలో దిగుదురు, లెక్కలు లోలోపల చెడును. నా మట్టుకు మొదటి తప్పే నయము. అది కంటికి కనబడును, ఎవరో ఒకరు వచ్చి సరిచేయుదురు.

శ్రీహరికోటలోను వేషము ఉన్నది. చంద్రయాన్-3 ప్రయోగమునకు ముందు, 2023 జూలైలో, 24 గంటలపాటు ప్రయోగపు సన్నాహమంతటిని అభినయించి చూచినారు. 11వ తేదీన అభినయము ముగిసినదని ప్రకటించినారు. 14వ తేదీ మధ్యాహ్నము 2-35కు నిజముగా వదలినారు. అభినయములో పెట్టిన గుర్తు ఒక్కటి చెరిపివేయక మిగిలినను, అసలు దినమున అది నిజమువలెనే కనబడును గదా!

చంద్రయాన్-2 సంగతి చాలమందికి జ్ఞాపకముండును. 2019 జూలై 15వ తేదీ తెల్లవారుజామున 2-51కి ఎగురవలసినది, 56 నిమిషముల 24 సెకన్ల లెక్క మిగిలియుండగా ఆపినారు. నిదుర మానుకొని వచ్చిన జనము నిరాశపడినారు, అపశకునమని గొణిగినవారును ఉన్నారు. వారము దినముల తరువాత తిరిగి ప్రయోగించునప్పుడు ఆ మిగిలిన 56 నిమిషములనుండి అందుకొనలేదు. 21వ తేదీ సాయంకాలము 6-43కు, తిరిగి 20 గంటలనుండి లెక్క మొదలుపెట్టినారు. మరునాడు మధ్యాహ్నము 2-43కు రాకెట్టు బయలుదేరినది.