లాజరు చేతి నీళ్ళు
(ఉపన్యాస పాఠం)



చచ్చాక ఏమవుతామంటే పాస్టరు గారు పరలోకం చెబుతారు. లూకా సువార్త ఏం చెప్పిందో చూద్దాం. దాన్ని మన విశాఖపట్నంలో తెలుగులోకి తెచ్చారు. 1805లో ఇక్కడికొచ్చిన లండన్ మిషనరీ డెస్‌గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి మూడు సువార్తలు తెనిగించారు. 1812లో సేరాంపూర్‌లో అచ్చయ్యాయి.

అందులో ధనవంతుడి వాకిట్లో లాజరు కురుపులతో పడివున్నాడు. ఇద్దరూ చచ్చారు. లాజరు అబ్రాహాము రొమ్మున చేరాడు, ధనవంతుడు మంటల్లో పడ్డాడు. అక్కడా దొరతనం పోలేదు! లాజరుని పంపు, వేలు తడిపి నా నాలుక చల్లార్చమను అన్నాడు. బతికుండగా ముట్టని చెయ్యి చచ్చాక కావలసి వచ్చింది.

నీళ్ళ సంగతి మనకి తెలియందా? 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు దగ్గరే. ఆరుగురు మాదిగల్ని చంపారు.

ఈ ధనవంతుడు ఎవర్నీ కొట్టాడని లూకా రాయలేదు. వాకిట్లో మనిషిని మనిషిగా చూడలేదు, అంతే. ఇద్దరి మధ్య అగాధం చచ్చాక పుట్టింది కాదు, ఆ వాకిట్లో తవ్విందే. దాన్ని బతికుండగా పూడ్చడమే రక్షణ.

ధనవంతుడి అన్నదమ్ములు ఐదుగురు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. చచ్చినవాడు లేచొచ్చి వాళ్ళకి చెప్పడు. చెప్పాల్సింది మనమే.