పాత విత్తనం, పచ్చసాలె

సంక్రాంతి వచ్చిందంటే సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగుతాయి. అదే పాత పంటల జాతర. జొన్నలు, కొర్రలు, సామలు, అనుములు ఊరూరా తిరుగుతాయి. వీటిని నిలబెట్టింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలే. బూడిద, వేపాకు కలిపి, బుట్టల్లో పోసి, మూతి అలికి విత్తనం దాస్తారు. అప్పుగా తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక అంతకు మించి కొలిచి ఇస్తారు. పైసతో పనిలేదు.

అదే ప్రాంతంలోని మాచ్‌నూర్ ఊళ్లో ఈ సొసైటీ పెట్టిన బడి పేరు పచ్చసాలె. అక్కడ పిల్లలకు చదువుతోపాటు సేద్యం, వడ్రంగం, కుట్టుపని నేర్పారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: పొలం పనికి బడిలో పలకతో సమానమైన చోటు దొరికింది. 2008లో అదే ఊళ్లో సంఘం రేడియో మొదలైంది. మైకు పట్టిందీ పల్లె ఆడబిడ్డలే.