అక్కడి చవక చొక్కా, ఇక్కడి కరువు భత్యం

(బెంగళూరు తెలుగు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



పోయిన సమావేశంలో ఒక చెల్లెలు నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అన్నా, మేము కుట్టే చొక్కాలు అమెరికాలో అమ్ముతారు. అక్కడ ధరలు పెరుగుతున్నాయంటున్నారు. మరి మా కూలి ఎందుకు పెరగదు?" అని. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. నేను పదో తరగతితో చదువు ఆపి, రింగ్ ఫ్రేముల దగ్గర పనికి చేరినవాణ్ణి. అందుకని తెలిసినవాళ్ళను అడిగి, లెక్కలు చూసుకుని వచ్చి ఈ రోజు చెబుతున్నాను.

అక్కడ మిగతా ధరలు పెరిగాయి గాని, బట్టల ధరలు పెరగలేదు. అమెరికా ప్రభుత్వ ధరల సూచిక ప్రకారం 1993లో 100 డాలర్లతో గడిచిన ఖర్చుకు 2019లో సుమారు 177 డాలర్లు కావలసివచ్చింది. అదే 1993లో 100 డాలర్లు పలికిన బట్టలు 2019లో సుమారు 93 డాలర్లకే దొరికాయి. ఇరవై ఆరేళ్ళలో ధర పెరగకపోగా తగ్గింది! మన ఇంట్లోకి వచ్చే బియ్యం, పప్పు, నూనెల్లో అలా తగ్గింది ఏదైనా ఉందా?

ఇది ఎలా జరిగింది? 1974 నుండి బట్టల ఎగుమతికి కోటాలుండేవి. ఏ దేశం ఎంత సరుకు పంపాలో అమెరికా, యూరపు దేశాలు హద్దు పెట్టేవి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక ఆ కోటాలను మెల్లగా ఎత్తివేస్తూ వచ్చారు. 2005 జనవరి 1తో పూర్తిగా పోయాయి. ఈలోగా 2001లో చైనా ఆ సంస్థలో చేరింది. కంటైనర్ ఓడలతో రవాణా ఖర్చు తగ్గింది. ఇక పెద్ద దుకాణాల కంపెనీలు దేశదేశాల్లో ధర అడిగి, తక్కువ చెప్పినవాడికే ఆర్డరు ఇవ్వసాగాయి. బెంగళూరు ఒక ధర చెబితే ఢాకా ఇంకాస్త తగ్గిస్తుంది. ఆ తగ్గింపును యాజమాన్యాలు తమ లాభంలోంచి కాక మన కూలిలోంచి, మన టార్గెట్ల మీదనుంచి రాబట్టుకుంటున్నాయి.

అయితే అతిశయోక్తి వద్దు. అమెరికాలో ధరలు అదుపులో ఉన్నది మన కుట్టు మిషన్ వల్లనే కాదు. అక్కడి సూచికలో బట్టల వాటా నూటికి సుమారు మూడు మాత్రమే. బొమ్మలు, టీవీలు, సామాన్లు కూడా దిగుమతి కావడం వల్ల ఆ ప్రభావం కనబడింది. వడ్డీ రేట్లు నడిపే వాళ్ళ కేంద్ర బ్యాంకు పాత్ర కూడా ఉంది. ఇంటి అద్దె, ఆసుపత్రి ఖర్చు, కాలేజీ ఫీజు ఓడలో వచ్చే సరుకులు కావు. అవి అక్కడా పెరుగుతూనే వచ్చాయి. కరోనా తర్వాత 2021లో కంటైనర్ల కిరాయి ఎన్నో రెట్లు పెరిగి, సరుకుల ధరలు లేచాయి. యుద్ధం వచ్చి పెట్రోలు మండింది. 2022 జూన్‌లో అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది.

ఇంకో మాట. చవక చొక్కా కొన్న అమెరికా కార్మికుడిని మనకు శత్రువని అనుకోకండి. కరోలినా రాష్ట్రాల్లో వాళ్ళ బట్టల మిల్లులు వరసగా మూతపడ్డాయి. చొక్కా చవకైంది, జీతం పోయింది. మనకిది కొత్త సంగతా? మల్లేశ్వరం దగ్గర రాజా మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. మిల్లు సైరన్ మోగిన నేల మీద విదేశీ బ్రాండ్ల బట్టలు అమ్ముతున్నారు.

ఇక మన సంగతి. మన దేశ పారిశ్రామిక కార్మికుల ధరల సూచికలో, 2016 ఆధార సంవత్సరం లెక్కన, ఆహారపానీయాల వాటా నూటికి 39. అంటే మనకు ధరలు పెరగడమంటే ముందు తిండి ధర పెరగడమే. అందుకే కనీస వేతనంతో పాటు కరువు భత్యం పెట్టారు. సూచికలో పాయింట్లు పెరిగితే భత్యమూ పెరగాలి. ఇది ఎవరి దయాధర్మమూ కాదు. పడిపోయిన కూలిని తిరిగి నిలబెట్టడమే.

కాని 2020 ఏప్రిల్‌లో రావలసిన కరువు భత్యాన్ని కర్ణాటక ప్రభుత్వం కరోనా పేరుతో ఏడాది వాయిదా వేసింది. 2020 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అయినా చాలా గార్మెంట్ ఫ్యాక్టరీలు చెల్లించలేదు. నెలకు 417 రూపాయల పైచిలుకు, నాలుగు లక్షల మందికి పైగా కార్మికులు! యూనియన్లు వదలకుండా పోరాడి, కొనుగోలుదారు కంపెనీల మీద కూడా ఒత్తిడి తెచ్చాక, 2022లో గాని పెద్ద ఫ్యాక్టరీలు బకాయిలు చెల్లించడం మొదలుపెట్టలేదు.

"భత్యం ఇస్తే ధర పెరిగి ఆర్డరు పోతుంది" అంటారు. లెక్క చూడండి. కుట్టిన చేతికి చేరేది దుకాణం ధరలో నూటికి అయిదు లోపేనని అంచనాలు చెబుతున్నాయి. మధ్యవాళ్ళు తమ లాభం పెంచుకోకపోతే, మన కూలి రెట్టింపయినా 20 డాలర్ల చొక్కా 21 డాలర్లు దాటదు. కాని ఒక్క ఫ్యాక్టరీ, ఒక్క ఊరు మాత్రమే అడిగితే ఆర్డరు పక్కకు పోతుందన్న మాటలో నిజముంది. కనుక బెంగళూరు, తిరుప్పూరు, ఢాకా కార్మికులు ఒకే మాట మీద ఉండాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు.

ఈ రోజే చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఏప్రిల్‌లో కరువు భత్యం మారుతుంది. ఆ నెల జీతపు చీటీని పారేయకండి. పాత చీటీ పక్కన పెట్టి చూడండి. చదవడం రానివాళ్ళకు పక్క మిషన్ వాళ్ళు చదివి పెట్టండి. తేడా లేకపోతే చీటీ తీసుకుని ఆఫీసుకు రండి. ఒంటరిగా కాదు, లైనంతా కలిసి రండి.

ఆ చెల్లెలికి నా జవాబు ఇదే. అమ్మా, అక్కడ చొక్కా ధరను తగ్గించి ఉంచిన వాటిలో నీ కూలి కూడా ఉంది. ఇక్కడ నీ కూలిని నిలబెట్టేది నీ యూనియన్.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!